ముఖరాగం సాక్ష్యమగునా? పిల్లలమర్రి శిలలు, మితాక్షర న్యాయం

సూర్యాపేటకు సమీపాన ఉన్న పిల్లలమర్రి గ్రామం కాకతీయ సామంతులైన రేచెర్ల రెడ్డి ప్రభువులకు నెలవు. శక సంవత్సరం 1117 నాటి, అంటే క్రీ.శ. 1195 నాటి శాసనం ఒకటి రుద్రదేవుని కాలాన్ని, శక 1130, అంటే క్రీ.శ. 1208 నాటి మరొకటి గణపతిదేవుని కాలాన్ని స్మరింపజేస్తూ అక్కడ నిలిచి ఉన్నాయి. ఎరకేశ్వర, నామేశ్వర నామాలతో ప్రసిద్ధమైన ఆ శివాలయాలలోని నల్లరాతి స్తంభాలు నునుపుదేలి అద్దాలవలె మెరుస్తాయి. వాటిపై నర్తకీమణులు, మార్దంగికులు, వైణికులు. ఒకతె హస్తం పైకెత్తి ఉన్నది. మరొకతె నడుము వంచి, కంఠాన్ని పక్కకు త్రిప్పి చూస్తున్నది. ఎనిమిది శతాబ్దులు గడిచినా ఆ భంగిమ చెదరలేదు. చెదరినది వేరొకటి ఉన్నది. ఆ హస్తం ఏ పదానికి లేచినదో ఆ పదం వినబడదు; ఆ చూపు ఏ స్వరంతో జతగూడినదో ఆ స్వరం లేదు. శిల్పి అంగాన్ని నిలిపాడు, వాక్కును నిలుపలేకపోయాడు. చూపరులు ఒక్కొక్కరు ఆ నర్తకి ముఖంలో ఒక్కొక్క భావాన్ని చదువుకొంటారు. ఒకరికి భక్తి, ఒకరికి విరహం, మరొకరికి కేవల విలాసం.

వాక్కు తొలగిన అంగం ఎంత మాట్లాడగలదు? ఎదుట నిలిచిన మనిషి ముఖాన్ని చూచి అతని అంతరంగాన్ని ఎంతవరకు నిశ్చయింపవచ్చు? ఈ ప్రశ్న కేవలం నాట్యశాస్త్రానిది కాదు. వైయాకరణులు, నైయాయికులు, ధర్మశాస్త్రకారులు, ఉపనిషదృషులు తమతమ మార్గాలలో దీనిని విచారించారు. ఆ విచారణలో ముఖ్యమైన ఘట్టాలు కొన్ని తెలుగు నేలకు బహు సన్నిహితమైనవి.

ఎరకేశ్వరాలయ శాసనకాలానికి అర్ధశతాబ్ది తరువాత, క్రీ.శ. 1253–54 ప్రాంతంలో, గణపతిదేవుని గజసేనాధిపతి జాయప సేనాని 'నృత్తరత్నావళి'ని సంస్కృతంలో రచించాడు. దివిసీమకు చెందిన అయ్య వంశీయుడాయన. ఆయన సోదరీమణులు నారాంబ, పేరాంబ గణపతిదేవుని రాణులు. ఎనిమిది అధ్యాయాల ఆ గ్రంథంలో మొదటి నాలుగు భరతమతానుసారియైన మార్గ పద్ధతికి, తక్కిన నాలుగు ప్రజలలో ప్రచారంలో ఉన్న దేశి పద్ధతికి కేటాయింపబడ్డాయి. పేరణి, చిందు, కోలాటం వంటివి అందుచేతనే శాస్త్రగౌరవం పొందాయి. యుద్ధంలో ఏనుగుల దండును నడిపినవాడు కనుబొమల కదలికలను గూర్చి వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. వింత ఏమీ లేదు. మావటి పాదస్పర్శతో, అంకుశపు చిన్న తాకిడితో ఏనుగుకు ఆజ్ఞ తెలుపుతాడు. ఏనుగు చెవుల విసురులో దాని మదాన్ని, భయాన్ని పసిగడతాడు. పలుకులేని సంభాషణ గజసేనాధిపతికి నిత్యవిద్య. వి. రాఘవన్ పరిష్కరణలో ఈ గ్రంథం 1965లో వెలువడగా, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు దీనిని తెలుగులోనికి తెచ్చారు.

జాయపకు మూలపురుషుడైన భరతముని అభినయాన్ని నాలుగు విధాలుగా విభజించాడు: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. ఆంగికాన్ని ఆయన విభజించిన తీరు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. దృష్టులు ముప్పదియారు, భ్రూకర్మలు ఏడు, అసంయుత హస్తాలు ఇరువది నాలుగు, సంయుత హస్తాలు పదమూడు. ముఖవర్ణానికి సైతం స్వాభావికం, ప్రసన్నం, రక్తం, శ్యామం అని నాలుగు భేదాలు చెప్పి, దానికి 'ముఖరాగం' అని పేరు పెట్టాడు. అయినా వాచికాన్ని ఆయన తక్కువ చేయలేదు. వాక్కు నాట్యానికి శరీరం వంటిదని, తక్కినవన్నీ వాక్యార్థాన్నే వ్యక్తం చేస్తాయని ఆయన అభిప్రాయం. హస్తం మాటను అనుసరిస్తుంది, దృష్టి హస్తాన్ని అనుసరిస్తుంది, మనస్సు దృష్టిని అనుసరిస్తుంది అనే నర్తకుల సంప్రదాయం కూడ ఈ క్రమాన్నే పాటిస్తుంది.

సాత్త్వికాల స్థితి వేరు. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అనే ఈ ఎనిమిది భావాలు చేయి ఎత్తినంత సులువుగా తెచ్చుకొన వీలు కానివి. మనస్సు ఏకాగ్రమైనప్పుడే సత్త్వం జనిస్తుందని భరతుడు చెప్పాడు. అన్యమనస్కుడు దానిని అనుకరింపలేడు. కాని వాటికి కారణాలను చెప్పేటప్పుడు ఆయన ఒక్కొక్క దానికి ఒక్క కారణమే చెప్పి ఊరుకొనలేదు. స్వేదం క్రోధం వలన పుట్టవచ్చు, భయం వలన పుట్టవచ్చు. హర్షం, లజ్జ, దుఃఖం, శ్రమ, రోగం, ఎండవేడిమి వలన కూడ పుట్టవచ్చు. చెమటబిందువు సత్యమే. అది ఏ కారణాన పుట్టినదో ఆ బిందువు చెప్పదు. రంగస్థలం మీద ప్రేక్షకునికి చిక్కు లేదు. కథ తెలుసు, పదం వినబడుతున్నది, పాత్ర ఎవరో ఎరుక. పదం, ప్రకరణం కలిసి చెమటకు అర్థాన్ని నిశ్చయిస్తాయి. రంగస్థలం దిగిన తరువాతనే కష్టం మొదలవుతుంది.

ఈ సందర్భంలో శబ్దశాస్త్రం, తర్కశాస్త్రం ఇచ్చిన ఒక వివేచన చాల విలువైనది. మహాభాష్యంలో పతంజలి, శబ్దప్రయోగం లేకుండానే కనుసన్నల చేత, చేతుల కదలికల చేత ఎన్నో అర్థాలు తెలుస్తున్నాయని లోకానుభవాన్ని ప్రస్తావించాడు. మరి ఆ జ్ఞానం ఏ ప్రమాణం వలన కలిగినట్లు? కొందరు 'చేష్ట'ను ప్రత్యేక ప్రమాణంగా అంగీకరించారు. వైశేషికాచార్యుడు ప్రశస్తపాదుడు దానిని అనుమానంలో అంతర్భవింపజేస్తూ ఒక సూక్ష్మమైన నియమం పెట్టాడు: ఆ అభినయం ముందుగా తెలిసిన వానికే చేష్ట వలన అర్థబోధ కలుగుతుంది. ఆంధ్రదేశీయుడుగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహ దీపికలో, చేష్ట శబ్దం ద్వారా గాని అనుమానం ద్వారా గాని వ్యవహారానికి హేతువవుతుందే తప్ప వేరొక ప్రమాణం కాదని తేల్చాడు.

దీని తాత్పర్యం దైనందిన జీవితంలో సులభంగా గోచరిస్తుంది. సూర్యాపేట అంగడిలో బేరం కుదిరినప్పుడు వర్తకుడు తలను పక్కలకు మెల్లగా ఊపుతాడు. ఈ ప్రాంతం వారికి అది అంగీకారం. పరదేశి యాత్రికుడు దానినే నిరాకరణంగా గ్రహించి వెనుదిరుగుతాడు. కదలిక ఒక్కటే, కన్ను ఒక్కటే. సంకేతజ్ఞానం లేనందున అనుమానం తప్పింది. ముకుళించిన చేతులు, పెద్దల ముందు వంచిన శిరస్సు, నోటికి అడ్డంగా పెట్టిన చేయి, ఇవన్నీ ఇట్టి సంకేతాలే. వీటిని 'శరీరభాష' అనడం చెల్లుతుంది. భాష ఎలా నేర్వవలసినదో ఇవీ అలాగే నేర్వవలసినవి. వీటికి భిన్నమైనది ఇంగితం. అది ఎవరూ నేర్పినది కాదు, చూపదలచి చూపేదీ కాదు, తెలియకుండానే బయటపడేది. లోకులు ఈ రెండింటినీ ఒక్కటిగా కలిపివేస్తారు. అనర్థం అక్కడినుండి పుడుతుంది.

శ్రీమద్రామాయణంలో ఈ విషయానికి సంబంధించిన మూడు ఘట్టాలను పక్కపక్కన ఉంచి చూడవలసి ఉన్నది. కిష్కింధాకాండలో రామలక్ష్మణులను దూరం నుండి చూచి భీతిల్లిన సుగ్రీవుడు, వారి ఇంగితాలను, రూపాన్ని, మాటతీరును గమనించి హృదయం తెలిసికొని రమ్మని హనుమంతుని పంపాడు. భిక్షురూపంలో వచ్చిన హనుమంతుడు పరీక్షకుడుగా వచ్చి, తానే పరీక్షితుడైనాడు. అతని పలుకులు విన్న శ్రీరాముడు లక్ష్మణునితో చేసిన ప్రశంస సుప్రసిద్ధం. వేదవిద్య, వ్యాకరణజ్ఞానం ఆ మాటల్లో కనిపిస్తున్నాయని మెచ్చుకొని అక్కడితో ఆగలేదు. మాట్లాడేటప్పుడు ముఖంలో, కన్నులలో, నుదుట, కనుబొమలలో, తక్కిన అవయవాలలో ఎక్కడా దోషం కానరాలేదన్నాడు. మాట సాగదీయలేదు, తొందరపడలేదు, స్వరం మధ్యమస్థాయిలో ఉన్నదన్నాడు. వాచికం, ఆంగికం ఒకదానితో ఒకటి కలహించకుండా ఉన్నాయని ఆ ప్రశంసకు సారాంశం. సుముఖ సంభాషణను గూర్చి ఇంతకు మించిన లక్షణనిరూపణ మరొక కావ్యంలో దొరకడం కష్టం.

యుద్ధకాండలో విభీషణ శరణాగతి వేళ పరీక్ష మరింత క్లిష్టమైనది. శత్రువు తమ్ముడు ఆకాశంలో నిలిచి అభయం కోరుతున్నాడు. గూఢచారి కావచ్చునని సుగ్రీవాదుల శంక; ప్రశ్నలతో పరీక్షింపవలెనని కొందరి సలహా. అప్పుడు హనుమంతుడు చెప్పినది ఆలోచనీయం. అకస్మాత్తుగా ప్రశ్నలు గుప్పిస్తే బుద్ధిమంతుడైన వాడు శంకితుడవుతాడు, సుఖంగా వచ్చిన మిత్రుడు ఆ అనుచిత పరీక్ష వలననే చెడిపోవచ్చును. అంటే పరీక్షించే వాని చూపే పరీక్షింపబడే వాని ముఖాన్ని మారుస్తుంది. ఇది చెప్పిన పిదపనే, విభీషణుని పలుకులో దుష్టభావం కానరాలేదని, ముఖం ప్రసన్నంగా ఉన్నదని, ఆకారాన్ని ఎంత దాచినా పూర్తిగా దాచడం అశక్యమని ఆయన నివేదించాడు. శ్రీరాముడు ఆ మాటను ఆదరించాడు, కాని నిర్ణయాన్ని దానిపై నిలుపలేదు. మిత్రభావంతో వచ్చినవానిలో దోషమున్నా విడువనని, శరణన్న సర్వభూతాలకు అభయమివ్వడం తన వ్రతమని ప్రకటించాడు. ముఖపరీక్ష సరియైనదే అయినా శరణాగతధర్మం దానిపై ఆధారపడలేదు.

మూడవది అరణ్యకాండలోనిది. కాషాయం, ఛత్రం, కమండలువు ధరించి వేదఘోషతో వచ్చిన రావణుని సీతమ్మ అతిథిగా ఆదరించింది. ఆహార్యం పరిపూర్ణంగా ఉన్నది. సాక్షాత్తు మహాసాధ్వి సైతం వేషాన్ని బట్టి, బ్రాహ్మణుడు శపించునేమో అన్న భయాన్ని బట్టి బదులు పలికింది. హనుమంతుడూ భిక్షువేషంలోనే వచ్చాడు, రావణుడూ భిక్షువేషంలోనే వచ్చాడు. ఆహార్యం ఇద్దరికీ సమానమే.

ఇంతవరకు కథ. ఒక మనిషి ధనమానప్రాణాలు ముఖలక్షణం మీద ఆధారపడే చోటు న్యాయసభ. సూర్యాపేట సీమతో సహా తెలంగాణం కళ్యాణి చాళుక్యుల ఏలుబడిలో ఉన్న కాలంలో, ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) ఆస్థానంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి 'మితాక్షర' అనే వ్యాఖ్యానం రచించాడు. కాకతీయులు అప్పటికి ఆ చాళుక్యులకు సామంతులు. పదమూడవ శతాబ్దిలో, తిక్కన సోమయాజికి తన దశకుమారచరిత్రమును అంకితమిచ్చిన మూలఘటిక కేతన, 'విజ్ఞానేశ్వరీయము' పేరుతో ఆ ధర్మశాస్త్రాన్ని తెలుగు పద్యాలలోనికి తెచ్చాడు. ధర్మశాస్త్రం సంస్కృతం తెలియని వారికి కూడ అందవలెనని ఒక తెలుగు కవి పూనుకొనడం సామాన్య విషయం కాదు. నృత్తరత్నావళి, విజ్ఞానేశ్వరీయము ఒకే శతాబ్దికి చెందినవన్నది గమనార్హం.

యాజ్ఞవల్క్యుడు వ్యవహారాధ్యాయంలో, వాదిగాని సాక్షిగాని దుష్టుడని శంకించడానికి కొన్ని గుర్తులు చెప్పాడు. ఒకచోట నిలువక అటూ ఇటూ కదలడం, పెదవుల మూలలు నాకుకోవడం, నుదుట చెమట పట్టడం, ముఖం వివర్ణం కావడం, గొంతు ఎండి మాట తడబడడం, పూర్వాపరవిరుద్ధంగా పలుకడం, ఎదుటివారి మాటకు బదులు పలుకక, చూపుకు చూపు కలుపక ఉండడం, పెదవి వంకర త్రిప్పడం. ఈ పట్టికను సాత్త్వికభావాల పక్కన ఉంచండి. స్వేదం, వైవర్ణ్యం, స్వరభేదం రెండింటిలోనూ ఉన్నాయి. రంగమండపంలో రసోదయానికి చిహ్నమైన చెమట, న్యాయసభలో అపరాధానికి చిహ్నమయింది.

ఈ ప్రమాదాన్ని విజ్ఞానేశ్వరుడు గుర్తించాడు. ఆ శ్లోకాలకు వ్యాఖ్య చేస్తూ ఆయన స్పష్టంగా ఒక మేర గీశాడు. ఇది దోషం ఉండవచ్చునన్న సంభావనకు మాత్రమే; దోషనిశ్చయానికి కాదు. కారణం కూడ చెప్పాడు: ఏ వికారం స్వాభావికమో, ఏది నైమిత్తికమో వేరుచేసి తెలిసికొనడం దుష్కరం. ఒకనికి మాట తడబడడం పుట్టుకతోనే ఉండవచ్చు. మరొకడు జీవితంలో మొదటిసారి అంతమంది పెద్దల ముందు నిలుచున్నాడు. నాగలి విడిచి ఎండలో ఇరువది క్రోసులు నడచి వచ్చిన కాపు నుదుట చెమట ఉండక ఏముంటుంది? పెద్దల కన్నులలోనికి సూటిగా చూడడం అవినయమని నేర్చుకొన్నవాడు చూపు దించుతాడు. ఆ వినయమే అతనిని దోషిగా చూపుతుంది. ఎక్కడ సంకేతం ముగిసి ఇంగితం మొదలవుతుందో న్యాయాధిపతికి పైనుండి చూస్తే తెలియదు. అందుకే మితాక్షరకారుడు ముఖాన్ని శంకకు ద్వారంగా ఉంచి, నిర్ణయానికి లిఖితం, భుక్తి, సాక్షులు అనే ప్రమాణాలను ఆశ్రయింపజేశాడు.

ఆధునికులు ఈ విషయంలో ప్రాచీనులకంటె ఎక్కువ జాగ్రత్తగా ఉన్నారని చెప్పలేము. సంభాషణలో మాటల పాలు నూటికి 7, కంఠస్వరానిది 38, ముఖకవళికలది 55 అనే లెక్క వ్యక్తిత్వవికాస ప్రసంగాలలో వేదవాక్యమైపోయింది. ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో ప్రకటించిన రెండు ప్రయోగాలు దానికి మూలం. ఆ ప్రయోగాలు ఇష్టానిష్టాల వంటి భావాలకు, అందులోనూ మాటా స్వరమూ ముఖమూ పరస్పరం విరోధించే సందర్భాలకు సంబంధించినవి. సంభాషణ అంతటికీ ఆ లెక్క వర్తించదని ఆయనే చెప్పుకొన్నాడు, వినేవారు తక్కువ. మాట విలువ నూటికి ఏడేనంటే ఉపనిషదుపదేశానికి, మంత్రానికి, ప్రతిజ్ఞకు మిగిలేది ఏమిటి? ఇక ఎదుటివారిని చూచి అబద్ధాన్ని పసిగట్టగలమన్న నమ్మకం సంగతి. బాండ్, డిపౌలో అనే పరిశోధకులు 2006లో అనేక ప్రయోగాలను సమీక్షించి, ప్రత్యేక సాధనాలు లేకుండా సత్యాసత్యాలను గుర్తించడంలో మనుషులు సగటున నూటికి 54 సార్లు మాత్రమే సఫలులవుతున్నారని తేల్చారు. నాణెం ఎగురవేసినా 50 వస్తుంది. విజ్ఞానేశ్వరుని 'సంభావన' అనే మాట ఈ నాలుగు అంకెల తేడాను ఎంత చక్కగా వర్ణిస్తున్నదో చూడవచ్చు.

పిల్లలమర్రి పేరును ఇంటిపేరుగా ధరించి, ఆ గ్రామానికే కీర్తి తెచ్చిన పదిహేనవ శతాబ్ది కవి పినవీరభద్రుడు 'శృంగార శాకుంతలము' రచించాడు. శకుంతల కథ ఈ విచారణకు పరాకాష్ఠ వంటిది. కాళిదాసు నాటకం అయిదవ అంకంలో ఆమె దుష్యంతుని ఎదుట నిలిచి కోపంతో నిలదీసినప్పుడు, ఆ కోపంలో కపటం కానరావడం లేదని రాజు లోలోన అనుకొంటాడు. అంటే ముఖాన్ని సరిగానే చదివాడు. చదివి కూడ ఆమెను స్వీకరింపలేకపోయాడు, జ్ఞాపకం లేదు గనుక. చివరకు నోరులేని ఉంగరం సాక్ష్యం చెప్పింది. మహాభారతంలో కథ వేరు. అక్కడ రాజుకు అన్నీ జ్ఞాపకం ఉన్నాయి. తెలిసి తెలిసీ ఎరుగనట్లు నటించాడు. అక్కడ సాక్ష్యం పలికినది అశరీరవాణి, ముఖం లేని వాక్కు. ఒకచోట వాక్కు లేని వస్తువు, మరొకచోట దేహం లేని వాక్కు. ఎదురెదురుగా నిలిచిన ఆ స్త్రీ కన్నీరు మాత్రం రెండు చోట్లా చాలలేదు. సభలో ఒంటరిగా, బిడ్డ కోసం నిలిచిన ఒక స్త్రీ మాటను నమ్మడానికి రాజులకు ఉంగరమో ఆకాశవాణియో కావలసి రావడం ఆ సభలకు గౌరవం కాదు.

సాధకులకు ముఖ్యమైనది గురుశిష్యుల అభిముఖత్వం. ఉపనిషత్తు అనే మాటలోనే సమీపాన కూర్చుండడం ఉన్నది. దక్షిణామూర్తి మౌనవ్యాఖ్యానం, చిన్ముద్ర అందరికీ తెలిసినవే. చిన్ముద్ర కూడ నేర్చిన సంకేతమే; జీవబ్రహ్మైక్యం గూర్చి ముందుగా వినని వానికి అది రెండు వేళ్ల కలయిక మాత్రమే. మౌనం సంగతీ అంతే. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యంలో బాష్కలి, బాధ్వుల వృత్తాంతాన్ని ఉదాహరించారు. బ్రహ్మను బోధింపుమని బాష్కలి అడిగితే బాధ్వుడు మౌనం వహించాడు. మరల మరల అడిగాడు. చివరకు బాధ్వుడు నోరు విప్పి, తాను చెబుతూనే ఉన్నానని, అతడే గ్రహించడం లేదని, ఈ ఆత్మ ఉపశాంతమని పలికాడు. మౌనమే ఉపదేశమని తెలుపడానికి కూడ ఆ ఋషికి ఒక వాక్యం అవసరమైనది. శిష్యుడు దానిని అజ్ఞానంగానో ఉదాసీనతగానో భ్రమించే అవకాశం ఉన్నంతవరకు మౌనం ఒంటరిగా నిలువదు.

ఛాందోగ్యంలో సత్యకామ జాబాలుని కథ ఈ సంబంధాన్ని రెండు వైపులనుండీ చూపుతుంది. గోత్రం తెలియదని, తల్లి చెప్పినదంతా ఉన్నదున్నట్లు విన్నవించిన బాలుని హారిద్రుమత గౌతముడు అతని పలుకులోని సత్యాన్ని బట్టి స్వీకరించాడు. నాలుగు వందల ఆవులను అప్పగించి అడవికి పంపాడు. అవి వేయి అయ్యేవరకు సత్యకాముడు అక్కడే గడిపాడు. వృషభం, అగ్ని, హంస, మద్గువు అనే జలపక్షి అతనికి బ్రహ్మ పాదాలను ఉపదేశించాయి. తిరిగివచ్చిన శిష్యుని చూడగానే ఆచార్యుడు అతని ముఖంలో బ్రహ్మవేత్త తేజస్సును గుర్తించాడు. గుర్తించి, బ్రహ్మజ్ఞానివైనావని అక్కడే ప్రకటించలేదు. ఎవరు ఉపదేశించారని అడిగాడు. మనుష్యులు కాని వారు చెప్పారని శిష్యుడు బదులిచ్చి, అయినా తన కోరిక మేరకు ఆచార్యులే చెప్పవలెనని, ఆచార్యుని వలన తెలిసిన విద్యయే సాధుతమమవుతుందని విన్నవించాడు. తేజస్సు అప్పటికే ముఖంలో ఉన్నది. గౌతముడు అదే విద్యను మరల మాటలతో, ఏ లోపమూ లేకుండా అతనికి చెప్పాడు.